చాలని ఎలా తెలుసు?

ఆవిడ ఎదుట ఏ మాటైనా అనొచ్చు గానీ "చాలు" అని మాత్రం అనకూడదు. తిడితే నవ్వి ఊరుకుంటుంది. వంటకి వంక పెడితే, "అవును, ఉప్పు మర్చిపోయాను" అని ఒప్పుకుంటుంది. "చాలు" అన్నారో, చేస్తున్న పని అక్కడికక్కడ ఆపేసి, కళ్ళద్దాల పైనుంచి మనిషిని ఎగాదిగా చూసి, "చాలని ఎలా తెలుసు?" అంటుంది. అది ఎకసెక్కం కాదు, దెప్పడమూ కాదు. నిజంగానే ఆవిడకి తెలుసుకోవాలని ఉంటుంది. జవాబు వచ్చేదాకా తను కదలదు, ఎదుటివాణ్ణి కదలనివ్వదు.

కిటికీ తెరలు కుట్టే దర్జీ ఒకాయన తెలియక, "ఈ గుడ్డ చాలండీ" అన్నాడు. ఎలా తెలుసని అడిగితే, "ముప్పై ఏళ్ళుగా కుడుతున్నానమ్మా" అన్నాడు. ఆవిడ అతన్ని ఇంటికి తీసుకొచ్చి, కిటికీలన్నీ కొలిపించి, మడతలు లెక్క కట్టించి, గుడ్డ పరిపించింది. సరిగ్గా చాలింది. "చూశారా, నేను చెప్పలేదూ" అన్నాడు దర్జీ చెమట తుడుచుకుంటూ. "ఇప్పుడు తెలిసింది. ఇందాక నువ్వు అనుకున్నావంతే" అంది ఆవిడ. ఆ తరవాత ఆయన ఆవిడ ఎదురొస్తే రోడ్డు దాటి అవతలి పక్క నుంచి వెళ్ళేవాడు.

పళ్ళ డాక్టరు ఒకసారి ఆవిడ నోట్లో రెండు చేతులూ పెట్టి ఉండగా నర్సుతో, "మత్తు ఇక చాలు" అన్నాడు. ఆవిడ నోరు తెరుచుకునే, "ఆఆఅఇ ఎఆ ఎఉఉ?" అంది. పాత డాక్టరు కనక అర్థమైంది. ఇంకో సూది పొడిచాడు.

ఇంతకీ ఆవిడ ఉద్యోగమే అది. ఆహార పరిశోధనశాలలో పెద్ద డాక్టరు. ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళ ఒంటికి ఏ పోషకం ఎంత ఉంటే చాలో, ఆ "చాలు" ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టడం ఆవిడ పని. పరిశోధనశాలలో ఆవిణ్ణి వెనకాల "ఎలాతెలుసమ్మ" అనేవారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. ఎలా తెలుసో మాత్రం ఎవరికీ తెలియదు.

అల్లుడు ఆ ఇంటికి లిఫ్టులోంచి వచ్చాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పరిశోధనశాల లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందని కబురొస్తే వెళ్ళి, తలుపు సందులోంచి, "కంగారు పడకండి. బరువు ఎక్కువై ఆగింది. తలుపు తీస్తాను, ఒకరిద్దరు దిగితే చాలు" అన్నాడు.

లోపల్నుంచి ఒక ఆడగొంతు, "చాలని ఎలా తెలుసు?" అంది.

అన్నేళ్ళ సర్వీసులో లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు అతన్ని ఎన్నో అడిగారు గానీ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. తలుపు తీశాక అందరూ బతుకు జీవుడా అని ఇంటిదారి పట్టబోతే, ఆవిడ వాళ్ళని ఆపి, మందని తోలినట్టు ప్రయోగశాలకి తోలుకెళ్ళి, సంచులతో సహా ఒక్కొక్కళ్ళనీ తూకం మీద నిలబెట్టి, బరువులు పైకి చదివింది. అన్నీ కూడితే లిఫ్టు మోయాల్సిన దానికంటే తక్కువే తేలింది.

"బరువు తప్పు కాదు బాబూ, నీ మీట తప్పు" అంది.

అతను వెళ్ళి చూశాడు. బరువు కొలిచే మీట తుప్పు పట్టి ఉంది. తిరిగొచ్చి, "అవునండీ, చూడకుండా అన్నాను. తప్పు నాదే" అన్నాడు. తప్పు నాదేనని వెంటనే ఒప్పుకున్న మగవాణ్ణి ఆవిడ అప్పటిదాకా ఒక్కణ్ణే చూసింది. ఆయన్నే పెళ్ళాడింది. ఇప్పుడు రెండోవాణ్ణి వదులుకోదలుచుకోలేదు.

తూకం ఎక్కినవాళ్ళలో, అమ్మ ఇంట్లో మర్చిపోయిన కళ్ళద్దాలు ఇద్దామని వచ్చిన కూతురు కూడా ఉంది. "పెళ్ళిచూపులకి ముందే నా బరువు పైకి చదివి వినిపించారు. ఇక దాచడానికి ఏం మిగిలింది? అందుకే చేసుకున్నాను" అంటుంది ఆ అమ్మాయి ఇప్పటికీ.

పెళ్ళయి అల్లుడు ఆ ఇంటికి కాపురానికి వచ్చిన రోజు మావగారు అతన్ని పక్కకి పిలిచారు. ఆయన రైల్వేలో అనౌన్సరుగా రిటైరయ్యారు. ఉద్యోగం పోయింది గానీ గొంతు పోలేదు. ఇంట్లో "ఉప్పు అందుకో" అన్నా ప్లాట్‌ఫారం మీద జనం సామాన్లు ఎత్తుకున్నట్టు ఉండేది.

"దయచేసి గమనించు అల్లుడూ" అన్నారాయన. "ఈ ఇంట్లో ఒక మాట రద్దు చేయబడినది."

"ఏ మాటండీ?"

ఆయన అటూ ఇటూ చూసి, మాట పైకి అనకుండా, అన్నం వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టినట్టు పెట్టి చూపించారు.

పాపం, ఆయన ఆలస్యంగా చెప్పారనే అనుకోవాలి. ఎందుకంటే అల్లుడికి ప్రపంచంలో బాగా వచ్చిన మాట అదొక్కటే. చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే బాబాయి ఇంట్లో పెరిగాడు. పిన్ని చెడ్డది కాదు. గిన్నె చిన్నది, పిల్లలు ఎక్కువ. గరిటె రెండోసారి తన కంచం వైపు వచ్చేలోగా "చాలు పిన్నీ" అనడం అతనికి నడక నేర్చినంత సహజంగా వచ్చేసింది. అలా అంటే పిన్ని మొహం తేటపడేది. దాంతో అది మంచి మర్యాద అనుకున్నాడు. పెద్దయ్యాక స్నేహితుల ఇళ్ళల్లో, హోటళ్ళలో, ఆఖరికి తన డబ్బుతో తను కొనుక్కున్నప్పుడు కూడా అదే మర్యాద. దానికి తోడు ఇంకో మాట ఉండేది: "ఫరవాలేదండీ." ఎవరేం చెప్పినా, వినకముందే ఫరవాలేదనేవాడు. ఈ రెండు మాటలతో మనిషి ఎవరికీ బరువు కాకుండా బతికేయొచ్చని అతని నమ్మకం.

అత్తగారింట్లో మొదటి భోజనంలో మొదటి గరిటెకే, "చాలండీ" అన్నాడు.

భార్య తల వంచుకుంది. మావగారు బండి పట్టాలు తప్పిన వార్త చదవబోయేవాడిలా గొంతు సవరించుకున్నారు.

"చాలని ఎలా తెలుసు?" అంది అత్తగారు.

"కడుపు నిండిందండీ."

"ఇంకా కలపనైనా లేదుగా."

"చూస్తేనే నిండిపోతుందండీ నాకు" అన్నాడతను. ఆవిడ ఇంకేమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారని భార్య తరవాత చెప్పింది.

ఆ ఏడు ఊళ్ళోని కుట్టుమిల్లు క్యాంటీను గొడవ వచ్చిపడింది. మిల్లులో పనిచేసేవాళ్ళంతా ఇరవై దాటీ దాటని అమ్మాయిలూ అబ్బాయిలూ. మూడు పూటలా అక్కడే తిండి. క్యాంటీను కాంట్రాక్టరు పప్పూ పాలూ తగ్గించి అన్నం పెంచుతానన్నాడు. పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారం అది సరిపోతుందని కాయితం చూపించాడు. దాని మీద కూర్చున్న కమిటీ అత్తగారి సలహా అడిగింది. అల్లుడు ఆవిణ్ణి స్కూటరు మీద దింపడానికి వెళ్ళి, వెనక బెంచీలో కూర్చున్నాడు.

"మేమేం ఊహించి చెప్పడం లేదండీ. తినేవాళ్ళనే అడిగాం. చాలన్నారు" అన్నాడు కాంట్రాక్టరు. పాపం, అతనికి ఎవరూ చెప్పలేదు.

అత్తగారు కళ్ళద్దాలు కిందికి దింపింది. "ఎవరడిగారు?"

"నేనేనండీ."

"ఎక్కడ నిలబడి అడిగావు?"

"కౌంటరు దగ్గరే. వడ్డిస్తూ."

"గరిటె నీ చేతిలో ఉండగా అడిగితే చాలు అనక ఇంకేమంటారు నాయనా?" అంది ఆవిడ. "ఆకలున్నవాడి నోట్లోంచి ముందొచ్చే మాటే అది."

వెనక బెంచీలో అల్లుడికి చెవులు వేడెక్కాయి. ఎందుకో అతనికి తెలియలేదు. ఫ్యాను ఆగిందేమోనని పైకి చూశాడు. తిరుగుతూనే ఉంది.

కమిటీ పెద్దాయన నెమ్మదస్తుడు. "పుస్తకంలో లెక్క ఉంది కదండీ డాక్టరుగారూ" అన్నాడు.

"ఆ లెక్క పుస్తకంలోకి ఎలా వచ్చింది? ఎప్పుడో కొద్దిమంది కాలేజీ కుర్రాళ్ళకి వెన్నా చక్కెరా దండిగా పెట్టి కట్టిన లెక్క అది. అంత వెన్న తినేవాడికి పప్పు తగ్గినా నడుస్తుంది. మన పిల్లలకి వెన్న ఎవరు పెడుతున్నారు? వాళ్ళకి ఎంత కావాలో వాళ్ళ వయసువాళ్ళ మీదే చూసి చెప్తాను. వానలు తగ్గేదాకా గడువివ్వండి. అప్పటిదాకా ఆ పప్పు జోలికి వెళ్ళకండి."

"అంతకాలం ఎందుకండీ, ఒక నెల చా..." అని పెద్దాయన ఆగిపోయాడు. కమిటీలో ఆయన పాతవాడు. గడువిచ్చేశాడు.

ఆవిడ పంతం పట్టిందంటే పట్టిందే. మర్నాటినుంచి ఇల్లు ఇల్లులా లేదు. భోజనాల బల్ల మీద ఆవిడ అల్లుడికి ఆ ప్రయోగాన్ని చెంచాలతో చెప్పింది. మాంసకృత్తులంటే ఇటుకలతో కట్టిన గోడ. ఇటుకలు ఇరవై రకాలు, వాటినే అమైనో ఆమ్లాలంటారు. కొన్ని ఒళ్ళే తయారుచేసుకుంటుంది. కొన్ని తిండిలోంచే రావాలి. అందులో లైసిన్ అనేది పప్పులో, పాలలో, గుడ్డులో బాగా ఉంటుంది, ధాన్యంలో తక్కువ. ఒక్క రకం ఇటుక తగ్గినా గోడ లేవదు. మిగతా ఇటుకలు వృథాగా పడుంటాయి.

"పడి ఉంటే ఏమవుతుందండీ?" అన్నాడు అల్లుడు.

"ఒళ్ళు వాటిని తగలేస్తుంది. ఆ పొగ ఊపిరిలో బయటికొస్తుంది. మనం ఒక ఇటుకకి గుర్తు పెట్టి పంపుతాం. ఆ గుర్తు ఊపిరిలో ఎంత వస్తోందో కొలుస్తాం. లైసిన్ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే పొగ తగ్గుకుంటూ వస్తుంది. ఒక చోటికొచ్చాక ఇక తగ్గదు. అదీ ఒంటికి చాలిన చోటు." ఆవిడ చెంచా బల్ల మీద పెట్టింది. "మనిషి నోటితో అనే చాలు వేరు బాబూ. అందులో సిగ్గుంటుంది, భయం ఉంటుంది, మర్యాద ఉంటుంది. ఊపిరికి అవేం లేవు."

ప్రయోగానికి ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళు కావాలి. పరిశోధనశాల వెనక విడిది గదుల్లో ఉండాలి, అక్కడ పెట్టిందే తినాలి. ఈతల పోటీలకెళ్ళే ఒక అమ్మాయి ముందుగా పేరిచ్చింది. ఆ వెనక ఇంకొందరు వచ్చారు. ఒక కుర్రాడు మాత్రం మొదటి బిస్కెట్టు కొరికి, నీళ్ళు తాగొస్తానని వెళ్ళి మళ్ళీ కనబడలేదు.

ఆ సాయంత్రం అత్తగారు అల్లుడి వైపు చూసింది. చూస్తూనే ఏదో చెప్పింది, చాలాసేపే చెప్పింది. మధ్యలో నియమాలన్నది, కుటుంబమన్నది, ఇంకేదో అన్నది. అత్తగారు తనని సాయం అడుగుతోందన్న సంబరంలో అతనికి ఒక్క ముక్క చెవిన పడలేదు.

"ఫరవాలేదండీ" అన్నాడు.

"పూర్తిగా విన్నావా?"

"ఫరవాలేదండీ."

ప్రయోగాలకి అనుమతిచ్చే పెద్దలు అతన్ని విడిగా కూర్చోబెట్టి, "మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా?" అని అడిగారు. "లేదండీ, నేనే ఇష్టపడి చేసుకున్నాను" అన్నాడు. పెళ్ళి సంగతి అడుగుతున్నారనుకున్నాడు.

బిస్కెట్ల గురించి చెప్పాలి. పిండిపదార్థం, నూనె, చక్కెర తప్ప వాటిల్లో ఏమీ ఉండకూడదు. ఏమీ లేకుండానే ఉండేవి. కొరికితే సుద్దముక్కకి నూనె రాసి కొరికినట్టుండేది. దాంతోపాటు గంటగంటకీ ఒక గ్లాసు. అందులో ఇటుకలు, అంటే అమైనో ఆమ్లాలు, పొడిరూపంలో కలిపి ఉండేవి. నారింజ రంగు వేశారు, నారింజ వాసన వేశారు. అయినా తడిసిన మేజోడులో నారింజ పండు దాచినట్టే ఉండేది. గ్లాసు ఖాళీ చేశాక నీళ్ళు పోసి, కడిగి, ఆ కడుగు కూడా తాగాలి. ఒక్క చుక్క పోయినా లెక్క పోయినట్టే.

"ఎలా ఉంది?" అని ఈతల అమ్మాయి అడిగింది మొదటి గ్లాసు అయ్యాక.

"ఫరవాలేదండీ" అన్నాడు అతను కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా. ఇక్కడొక చిత్రం జరిగింది. ఎంత తినాలో, ఎంత తాగాలో ముందే తూచి పెట్టేవారు కనక, అతను చాలు అనడానికి వీల్లేదు. అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టేవాడు. గ్లాసు వచ్చి ఆ చేతిలోనే కూర్చునేది.

తరవాత తల మీద పారదర్శకమైన బుట్ట బోర్లించి, వచ్చేపోయే ఊపిరంతా గొట్టాల్లోంచి మిషనులోకి తీసేవారు. గంప కింద కోడిలా కదలకుండా పడుకోవాలి. భార్య చూడ్డానికి వచ్చి, బుట్ట మీద వేలితో తట్టి, "లోపల బావుందా?" అంది. నవ్వితే ఊపిరి లెక్క తప్పుతుందని అతను నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి పడ్డ పాట్లకి మిషను ముల్లు గిలగిల్లాడింది. మిషను చూసుకునే టెక్నీషియనమ్మాయి భార్యని బయటికి పంపేసింది.

వర్క్‌షాపులో మాత్రం అతని హోదా పెరిగిపోయింది. విడిది నుంచి సెలవు దొరికిన పూటల్లా వెళ్ళి తోటి మెకానిక్కులకి చెప్పేవాడు. "మీరు లిఫ్టులు బాగుచేస్తున్నారు. నేను భావితరాలకి తిండి లెక్క కడుతున్నాను." వాళ్ళు టీ ఇవ్వబోతే చెయ్యెత్తి వారించేవాడు. "వద్దు. నా ఊపిరి ప్రభుత్వానిది."

మావగారి ప్రాణం ఊరుకోలేదు. కొత్తల్లుడు సుద్దముక్కలు తిని బతుకుతున్నాడని ఆయనకి నిద్ర పట్టలేదు. ఒక పొద్దుటిపూట, లైసిన్ అన్నిటికన్నా తక్కువగా ఇచ్చే రోజు చూసి మరీ, ఉడికించిన గుడ్డు జేబులో వేసుకుని విడిది వెనక మెట్ల దగ్గరికి వచ్చారు. అల్లుడు వద్దన్నాడు. తప్పన్నాడు. సైన్సన్నాడు. గుడ్డు పెచ్చు తీస్తుంటే వాసన వచ్చింది. సైన్సు అక్కడితో ఆగిపోయింది.

మధ్యాహ్నానికల్లా అత్తగారు మిషను ముందు నిలబడి ఉంది. "ఇవాళ పొగ ఎక్కువ రావాలి. ఇంత తక్కువ రావడమేమిటి?"

"మిషను పాడైందేమో మేడమ్" అంది టెక్నీషియనమ్మాయి.

"పాడైందని ఎలా తెలుసు?"

ఇక మిషను మొత్తం విప్పారు. గొట్టాలు కడిగారు. గాలి పట్టి చూశారు. వేరేవాళ్ళ ఊపిరి పెట్టి చూశారు. మిషను నిప్పులాంటిదని తేలింది. సాయంత్రం అయ్యేసరికి ఆ అమ్మాయి నోరు పిడచకట్టుకుపోయింది. బుట్ట కింద అల్లుడి మొహం గుడ్డుకన్నా తెల్లగా పాలిపోయింది. వరండాలో తచ్చాడుతున్న మావగారు అది చూసి తట్టుకోలేక లోపలికొచ్చి, నిటారుగా నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"దయచేసి గమనించండి. ఉడికిన గుడ్డు ఒకటి, నిర్ణీత సమయానికి, వెనక మెట్ల మీదకి చేరుకున్నది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

అత్తగారు భర్తని చూసింది. బుట్ట పైకెత్తి అల్లుణ్ణి చూసింది. అందరూ ఊపిరి బిగపట్టారు, అల్లుడు తప్ప. అతనికి ఊపిరి బిగపట్టే అధికారం లేదు.

"ఒక్క గుడ్డు చాలిందా?" అంది ఆవిడ.

"చాలిందండీ" అన్నాడతను అలవాటు కొద్దీ.

"మిషను చాలలేదంటోంది" అంది అత్తగారు. కోప్పడలేదు. మిషను గీసిన గీతని ఇంకోసారి చూసి, "ఈ రోజు లెక్క కొట్టేసి మళ్ళీ చెయ్యి" అని టెక్నీషియనమ్మాయికి చెప్పి వెళ్ళిపోయింది. అల్లుడికి సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆ క్షణం నుంచి అతను కూడా పంతం పట్టాడు. ఆ గుడ్డు రోజుని తిరిగి చేశాడు. తరవాతి రోజులు ఒక్కటి తప్పకుండా చేశాడు. గ్లాసు కడిగిన నీళ్ళలో ఒక్క చుక్క మిగల్చలేదు. మావగారు కిటికీ బయట ఎంత దీనంగా నిలబడ్డా తల తిప్పలేదు.

వానలు తగ్గాయి. లెక్క తేలింది. ఆ వయసువాళ్ళ ఒంటికి కావలసిన లైసిన్, పుస్తకంలో రాసిందానికి రెట్టింపు దాటింది.

కమిటీ గది నిండిపోయింది. అత్తగారు గీతలు చూపించింది, ఊపిరి కథ చెప్పింది. కాంట్రాక్టరు రెండుమూడు అడ్డుప్రశ్నలు వేసి, జవాబులకి తట్టుకోలేక నీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. కమిటీ పెద్దాయన కాయితాలు మూసి, సంతోషంగా, "డాక్టరుగారూ, మాకు నమ్మకం కుదిరింది. పప్పూ పాలూ తగ్గించడం లేదు, పెంచుతున్నాం. ఈ ఋజువు చాలు" అన్నాడు.

అనేశాక ఆయనకే తెలిసింది ఏమన్నాడో.

అత్తగారు అప్పటికే కళ్ళద్దాలు దించేసింది. "చాలని ఎలా తెలుసు?"

"అమ్మా, మీరు గెలిచారు" అన్నాడు పెద్దాయన.

"అది వేరే సంగతి. నేను చూసింది కొద్దిమందినే. వాళ్ళు రోజంతా మిషను తొక్కేవాళ్ళు కారు. కష్టం చేసే ఒంటికి ఇంకా కావాలేమో. నా పద్ధతిలో లోపాలు నాలుగున్నాయి, మీరు ఒక్కటీ అడగలేదు. మొదటిది..."

కాంట్రాక్టరు ముఖం వికసించింది. నీళ్ళ గ్లాసు కింద పెట్టి కలం తీశాడు. పెద్దాయన బిక్కచచ్చిపోయి వెనక బెంచీ వైపు చూశాడు. జీవితంలో ఎవరి మాటకీ అడ్డురాని అల్లుడు అప్పుడు లేచి నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, కింద లిఫ్టు పట్టుకుని ఉంచాను. వదిలేస్తే మళ్ళీ రాదు. లోపాలు దార్లో చెప్పండి, నేను వింటాను."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. వినేవాడు దొరికాడు కదా అని బయల్దేరింది. ఆ భవనానికి లిఫ్టు లేదు. మెట్లు దిగుతూ నాలుగు లోపాలూ చెప్పింది. అతను నాలుగూ విన్నాడు. పైన ఈలోగా పెద్దాయన సంతకం పెట్టేశాడు.

ఇక మిగిలింది అల్లుడి కీర్తి. ప్రయోగం అచ్చయింది. అందులో ఒక గీత, గీత చుట్టూ చుక్కలు. ఒక్కో చుక్కా ఒక మనిషి ఊపిరి. అతను దాని నకలు తెచ్చి వర్క్‌షాపు గోడకి అంటించి, గుంపుకి దూరంగా ఠీవిగా నిలబడ్డ ఒక చుక్క చూపించి, "అది నేను" అని చెప్పాడు. తోటివాళ్ళు దగ్గరికొచ్చి చూసి, పోలికలున్నాయన్నారు.

ఆ వారం పరిశోధనశాల లిఫ్టుకి నూనె పెట్టడానికి వెళ్ళినప్పుడు టెక్నీషియనమ్మాయి కనబడింది. మాటల్లో ఆ చుక్క సంగతి వచ్చింది.

"అదా? అది ఈతలమ్మాయిది కదండీ" అంది ఆ అమ్మాయి.

"మరి నాదెక్కడ?"

"మీది లేదండీ. ఇంట్లోవాళ్ళ లెక్కలు కలపకూడదు, అది నియమం. పారిపోయిన అబ్బాయి చోటులోకి మర్నాడే ఇంకొకరు వచ్చేశారు."

"మరి నేను తిన్న బిస్కెట్లు?"

"కొత్త మిషను సరిగ్గా పనిచేస్తోందా లేదా అని ముందు ఒకళ్ళని కూర్చోబెట్టి చూస్తామండీ. దానికి ఒక్క పూట..." ఆ అమ్మాయి వెనక్కి తిరిగి మేడమ్ లేదని చూసుకుని, గొంతు తగ్గించింది. "ఒక్క పూట చాలు. మీరు అన్ని రోజులూ ఎందుకు పడుకున్నారో మాకూ అర్థం కాలేదు. సరదా పడ్డారనుకున్నాం."

ఆ సాయంత్రం అల్లుడు జీవితంలో మొదటిసారి పోట్లాడదామని నిశ్చయించుకుని ఇంటికొచ్చాడు. దారిపొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. బల్ల ముందు కూర్చునేసరికి కంచం నిండా వడ్డించి ఉంది. ఆ మధ్య రోజూ అలాగే ఉంటోంది. అతను చెయ్యి అడ్డం పెట్టేలోపే అంతా కంచంలోకి వచ్చేసి ఉంటోంది. పని ఎక్కువై ఆకలి పెరిగింది కాబోలనుకుని తినేస్తున్నాడు.

"అత్తయ్యగారూ, ఆ గీతలో నా చుక్క లేదట."

"లేదు. ఉండకూడదు. అడిగిన రోజే చెప్పాను."

"చెప్పారా?"

"చెప్పింది" అంది భార్య. "నీ లెక్క అచ్చులో రాదు, అయినా ఉంటావా అని రెండుసార్లు అడిగింది. ఫరవాలేదన్నావు."

కూడబలుక్కున్న మాటల్లో సగం అక్కడే ఎగిరిపోయాయి. మిగిలిన సగంతో, "మరి పనికిరాని వాణ్ణి అన్ని రోజులూ ఆ బుట్ట కింద ఎందుకు పడుకోబెట్టారండీ?" అన్నాడు.

అత్తగారు కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ప్రశ్నలు వేయడమే గాని జవాబు చెప్పడం ఆవిడకి అంత అలవాటు లేదు.

"ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ మొదటి గరిటెకే చాలంటున్నావు. ఎలా తెలుసంటే కడుపు నిండిందంటావు. నిన్నడిగి లాభం లేదని మొదటి రోజే తెలిసింది. అందుకని నీ ఊపిరినడిగాను."

మావగారు ఏదో ప్రకటన చెయ్యబోయి మానుకున్నారు.

"ఏమందండీ?" అన్నాడు అల్లుడు.

"నువ్వు తినే దాంట్లో ఇంకో సగం కావాలంది. ఆ లెక్క తేలిన మర్నాటినుంచి అంతే పెడుతున్నాను. ఇది మర్యాద కాదు బాబూ, నువ్వు మొహమాటపడక్కర్లేదు. లెక్క."

అతను కంచం వైపు చూశాడు. ఇన్నాళ్ళూ తనెంత తింటున్నాడో అప్పుడే చూసినట్టు చూశాడు. పోట్లాడాలని వచ్చిన సంగతి గుర్తుంది గానీ దేని మీద పోట్లాడాలో గుర్తురాలేదు. కలుపుకున్నాడు, తిన్నాడు, ఆఖరి ముద్ద అయ్యాక చెయ్యి కంచం మీదనుంచి పక్కకి తీసి, "ఇంకాస్త పప్పు వెయ్యండి" అన్నాడు.

"ఇంకాస్త కావాలని ఎలా తెలుసు?" అంది అత్తగారు. ఆవిడ ఎవరినీ వదలదు.

"ఆకలేస్తోందండీ."

ఇంకొకరి ముందు ఆ మాట ఎప్పుడైనా అన్నాడో లేదో అతనికే జ్ఞాపకం లేదు. అంటే ఏమవుతుందోనని భార్య వంక చూశాడు. ఏమీ అవలేదు. అత్తగారు వెళ్ళి పప్పు గిన్నె మొత్తం తెచ్చి అతని పక్కన పెట్టి, గరిటె అతని చేతికిచ్చింది.

"నువ్వే వేసుకో. నాకు లోపల బోలెడు పనుంది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వంటింట్లో పనేమీ లేదు. గిన్నెలు తోమేసి, తుడిచేసి, బోర్లించేసి ఉన్నాయి. ఆవిడ వాటినే తీసి, చప్పుడు బాగా వినబడేలా, అటువి ఇటూ ఇటువి అటూ సర్దుతూ చాలాసేపు నిలబడింది.